బెలూన్ల ఆటలు చాలు, జీతం కాగితం చదవడం నేర్పించండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టర్లకు, జిల్లా నైపుణ్యాభివృద్ధి కమిటీల్లో ఉన్న అధికారులకు,

నమస్కారం.

ఉపాధి కార్యాలయాల్లో, ఐటీఐల్లో, ప్రభుత్వ నైపుణ్య శిక్షణ కేంద్రాలైన స్కిల్ హబ్‌లలో, జాబ్ మేళాల్లో పనిచేసే సిబ్బందికి శిక్షణ ఇప్పించాలన్న మాట వచ్చినప్పుడల్లా ఫైలు ఒకే దారిన నడుస్తుంది. విశాఖలో ఒక ఏసీ హాలు, సాఫ్ట్ స్కిల్స్ చెప్పే ట్రైనర్ ఒకాయన, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. నేను ఉపాధి శాఖలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి శిక్షణలకు వెళ్లాను, వెళ్లమని ఇతరులను పంపాను కూడా. ఈసారి ఆ డబ్బు, ఆ రోజులు ఇంకోలా వాడమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒకసారి ఇలాంటి హాల్లోనే మమ్మల్ని నాలుగు జట్లు చేసి కాళ్లకు బెలూన్లు కట్టారు. ఎదుటి జట్టు బెలూన్లు పగలగొట్టాలి, మనవి కాపాడుకోవాలి. యాభై దాటిన సూపరింటెండెంట్లు కూడా చెప్పులు విప్పి పరుగెత్తారు. బాగా నవ్వుకున్నాం, ఆ మాట కాదనను. ఆట అయ్యాక ట్రైనర్ "దీన్నిబట్టి టీమ్ వర్క్ గురించి ఏం తెలుసుకున్నారు?" అని అడిగారు. వెనక కుర్చీలో ఉన్న ఒక డేటా ఎంట్రీ ఆపరేటర్ లేచి, "సార్, మా ఆఫీసులో ఉన్నదే ముగ్గురం. ఒకరు లీవు పెడితే కౌంటర్ మూసేయాలి. దానికేమైనా చెప్పండి" అన్నాడు. హాలంతా చప్పట్లు. ట్రైనర్ తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోయారు.

ఆ కుర్రాడు అడిగింది ఇప్పటికీ అలాగే ఉంది. అసలు మన జట్టు ఎవరు? ఉపాధి కార్యాలయంలో ఉన్న ముగ్గురు నలుగురేనా? ఒక నిరుద్యోగి తిరిగే మెట్లన్నీ లెక్కేస్తే జట్టు చాలా పెద్దది. ఉపాధి అధికారి ఒక చోట, నైపుణ్యాభివృద్ధి సంస్థ మనుషులు ఇంకో చోట, ఐటీఐలో ప్లేస్‌మెంట్ చూసే మాస్టారు మరో చోట, పల్లె యువతకు ఉపాధి శిక్షణ ఇప్పించే రాష్ట్ర సంస్థ సీడాప్ తరఫున ఊళ్లల్లో పిల్లల్ని సమీకరించేవాళ్లు, పట్నంలో పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా వాళ్లు, ఊళ్లో సచివాలయం వాళ్లు. ఒకే కుర్రాడి పేరు ఈ అందరి లిస్టుల్లోనూ ఉంటుంది. వాడికి ఉద్యోగం వస్తే అందరి ఖాతాలోనూ పడుతుంది. నెల తిరక్కుండా మానేసి ఇంటికొచ్చేస్తే ఎవరి ఖాతాలోనూ ఉండదు. ఎవరి టార్గెట్ వాళ్లకుంది మరి.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక ఇది ఇంకాస్త ముదిరింది. రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం పిల్లల్ని శ్రీకాకుళంలో ఏళ్ల తరబడి చూసిన ఉద్యోగికి వాళ్ల ఊళ్లు, కాలేజీలు, ఎవరింట్లో ఎవరు చెన్నైలో ఉన్నారన్నదాకా తెలుసు. కొత్తగా చూడాల్సినవాళ్లకు అది ఎవరు చెప్పారు? రికార్డులు ఎలాగో ఒకలా చేరతాయి. తెలిసిన సంగతులు మనుషులు కూర్చుని మాట్లాడుకుంటేనే చేరతాయి.

అందుకే నా మొదటి విన్నపం, టీమ్ బిల్డింగ్‌ని హాల్లోంచి బయటికి తీసుకురండి. నెలకో పూట, ఈ ఆఫీసులన్నిటి నుంచీ ఒక్కొక్కరు ఒక చోట కూర్చోవాలి. ఒక నెల ఉపాధి కార్యాలయంలో, ఒక నెల ఐటీఐలో, ఒక నెల స్కిల్ హబ్‌లో. వచ్చేవాళ్లు తమ దగ్గర చిక్కుముడి పడ్డ ఒక్క కేసు పట్టుకురావాలి. సమీక్షా సమావేశం మాత్రం వద్దు. పీపీటీ ఉంటే అది సమీక్ష అయిపోతుంది, సమీక్షలో ఎవరూ నిజం చెప్పరు. పై అధికారి ఉంటే మంచిదే, కానీ ఆయన కూడా ఒక కేసు పట్టుకునే రావాలి.

ఎలాంటి కేసో చెబుతాను. సోంపేట వైపు నుంచి ఒక అబ్బాయి, ఐటీఐ ఫిట్టర్. జాబ్ మేళాలో సెలెక్టయ్యాడు, ఊరు కాని ఊళ్లో ఫ్యాక్టరీ. మేళా రోజు పేపరుకిచ్చిన నోట్‌లో 'ఎంపికైనవారు' అన్న అంకెలో వాడూ ఒకడు. నెలన్నర తర్వాత ఫోన్ చేస్తే తల్లి ఎత్తింది.

"ఆడు వచ్చేసి సానా దినాలైంది బావూ."

ఏమైందమ్మా అంటే ఒక్కొక్కటే చెప్పింది. చేరిన రోజే హాస్టల్ అడ్వాన్స్ కట్టమన్నారు, వీళ్లు పంపలేకపోయారు. మొదటి జీతం చేతికొచ్చేసరికి నెల మీద పది రోజులు దాటింది. అందాకా అప్పు. అక్కడి తిండి పడలేదు. రాత్రి డ్యూటీ ఉంటుందని ఎవరూ చెప్పలేదట. "రైలు టికెట్టుకి కూడా మేమే పంపినాం బావూ" అంది.

ఈ నాలుగు కారణాల్లో ఒక్కటీ మా ఫారంలో లేదు. అభ్యర్థి చదువు, కులం, కంప్యూటర్ పరిజ్ఞానం, పట్టుకెళ్లాల్సిన జిరాక్సులు, అన్నీ ఉన్నాయి. చేతిలో ఎంత డబ్బుతో బయల్దేరుతున్నాడు, మొదటి జీతం ఏ తారీఖున పడుతుంది, షిఫ్టులెలా ఉంటాయి అన్న గళ్లు లేవు. ఆ గళ్లు రాసేది ట్రైనర్ కాదు, ఇలాంటి ఫోన్లు చేసిన సిబ్బందే. ఐదారు ఆఫీసుల వాళ్లు ఇలాంటి కేసులు ఒక బల్ల మీద పెట్టుకుంటే, హాస్టల్ అడ్వాన్స్‌ని రెండు జీతాల్లో కోసుకోమని కంపెనీని అడగొచ్చని ఎవరికో ఒకరికి తడుతుంది. ఆ కంపెనీ హెచ్ఆర్ నంబరు ఐటీఐ మాస్టారి ఫోన్లో ఉంటుంది. నాకు తెలిసిన టీమ్ బిల్డింగ్ ఇదే.

ఇక శిక్షణలో ఏం నేర్పాలన్న సంగతి.

మన సిబ్బందికి అర్జంటుగా కావాల్సిన విద్య, ఆఫర్ లెటర్ చదవడం. మేళాలో బల్ల ముందు ఫ్లెక్సీ మీద 'సీటీసీ 17,000' అని ఉంటుంది. సీటీసీ అంటే ఒక ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. పిల్లాడు, వెనకున్న తండ్రి, మన ఉద్యోగి ముగ్గురూ నెలకు పదిహేడు వేలు చేతికొస్తాయనే అనుకుంటారు. లెక్క చూడండి. జీతం 15,000, అందులో బేసిక్ 12,000 అనుకుందాం. ఉద్యోగి వాటా పీఎఫ్ 12 శాతం, 1,440 రూపాయలు. వైద్య బీమా కింద కోసే ఈఎస్ఐ 0.75 శాతం, 113 రూపాయలు. చేతికొచ్చేది 13,447. కంపెనీ తన వంతు కట్టే పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 3.25 శాతం లెక్కన 488, ఆ రెండూ కలిపితే సీటీసీ 16,928 అవుతుంది. దాన్నే ఫ్లెక్సీ మీద పదిహేడు వేలుగా రాశారు. అబద్ధమేమీ రాయలేదు. కానీ హాస్టలుకీ తిండికీ ఐదు వేలు పోతే కుర్రాడికి మిగిలేది 8,447. ఈ అంకె ముందే తెలిసి వెళ్లినవాడు నిలబడతాడు, లేదా వెళ్లకుండా ఇంకోటి చూసుకుంటాడు. రెండూ మంచివే. అక్కడికెళ్లి మొదటి జీతం స్లిప్ చూసి నన్ను మోసం చేశారనుకున్నవాడు మాత్రం తిరిగొచ్చి మన ఆఫీసు గడప మళ్లీ తొక్కడు, ఊళ్లో ఇంకో పది మందినీ తొక్కనివ్వడు.

ఈ లెక్క నేర్పడానికి గంటన్నర చాలు. పీఎఫ్ ఆఫీసు నుంచి ఒకర్ని పిలవండి. పది నిజమైన ఆఫర్ లెటర్లు, పేర్లు కొట్టేసి, సిబ్బంది చేతికివ్వండి. కాలిక్యులేటర్‌తో కూర్చుంటారు. వాటిలో రెండు మూడు అప్రెంటిస్ లెటర్లు కూడా కలపండి. 1961 అప్రెంటిస్ చట్టం కింద తీసుకున్న పిల్లాడు ట్రైనీ. వాడికొచ్చేది స్టైపెండ్, గడువు తీరాక ఉద్యోగమిస్తామన్న హామీ లేకపోవచ్చు. అప్రెంటిస్‌షిప్ చెడ్డదని నా ఉద్దేశం కాదు, ఐటీఐ పిల్లలకు అంతకన్నా మంచి మొదటి మెట్టు దొరకదు. ఉద్యోగమని చెప్పి పంపకూడదు, అంతే. ఈ తేడా మేళాలో అవతలి బల్ల మీద ఉన్నవాళ్లు చెప్పరు. మనవాళ్లకు తెలిసుండాలి.

రెండోది దళారులు. ఉద్దానం వైపు వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు గల్ఫ్‌కి వెళ్లడం కొత్త కాదు. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. లైసెన్సున్న ఏజెంటైనా సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. 2024లో కంబోడియా సైబర్ మోసాల ముఠాల చేతిలో మనవైపు కుర్రాళ్లు చిక్కుకున్న కేసును విశాఖ పోలీసులు బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి పంపారు వాళ్లని. అలాంటి ప్రకటన వాట్సాప్‌లో వచ్చినప్పుడు 'ఇది నిజమేనా?' అని అడగడానికి ఒక ఆఫీసు ఉండాలి. మన కౌంటర్లో కూర్చున్నవాళ్లు ఆ లైసెన్సు అక్కడికక్కడే వెతికి చూపించగలిగితే పిల్లలు మన దగ్గరికే వస్తారు. ఇది నేర్పడానికి ఒక కంప్యూటరు, ఒక పూట.

మూడోది చిన్నదిగా కనిపిస్తుంది గాని రోజూ ఎదురయ్యేదే. "భోగాపురం ఎయిర్‌పోర్టులో ఉద్యోగాలట కదా, మా గుంటడి పేరు రాయండి" అని తల్లులు, మేనమామలు వస్తారు. ఎయిర్‌పోర్టు అంటే ఒకే యజమాని కాదని మన ఉద్యోగి చెప్పగలగాలి. నడిపేది జీఎంఆర్ వాళ్లు, విమానాలు ఎయిర్‌లైన్స్‌వి, సామాన్లు ఎత్తి దించే గ్రౌండ్ హ్యాండ్లింగ్ వేరే కంపెనీలది, కాపలా కాసే సీఐఎస్ఎఫ్ జవాన్లను తీసుకునేది స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష ద్వారా. పదో తరగతి చదివిన పిల్లాడికి ఏ గుమ్మం, ఇంటర్ అయినవాడికి ఏ గుమ్మం అన్నది చెప్పగలిగితే అదే కెరీర్ గైడెన్స్. ఇది పుస్తకంలో దొరకదు. సిబ్బందిని బస్సెక్కించి అక్కడికి తీసుకెళ్లి, హెచ్ఆర్ వాళ్లతో ఓ గంట మాట్లాడించండి. అలాగే పైడిభీమవరం ఫార్మా కంపెనీల దగ్గరకి, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌కి, పలాస జీడిపప్పు పరిశ్రమల దగ్గరకి. షిఫ్టు మారే వేళకు వెళ్లండి. గేటు బయట టీ కొట్టు దగ్గర పావుగంట నిలబడితే హెచ్ఆర్ చెప్పని సంగతులు వినిపిస్తాయి. పిల్లల్ని పంపుతున్న చోటు మనం ఒక్కసారైనా కళ్లతో చూడకుండా పంపడం ఏం న్యాయం?

ఇవన్నీ సిబ్బంది బాగోగుల కోసం అడుగుతున్న కోరికలని ఎవరైనా అనుకుంటే, కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి. మన దేశంలో ఉపాధి సేవలు 1945లో మొదలయ్యాయి, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు బతుకుతెరువు చూపడానికి. 1956 నవంబర్ 1 నుంచి వాటి నిర్వహణ రాష్ట్రాలకు వచ్చింది. ఉపాధి సేవలపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1948లో చేసిన ఒప్పందాన్ని భారతదేశం 1959లో ఆమోదించింది. ఈ సేవల్లో పనిచేసే సిబ్బందికి వాళ్ల విధులకు తగిన శిక్షణ ఇవ్వాలని అందులో స్పష్టంగా రాసుంది. 1964లో కేంద్రం దీనికోసమే ఢిల్లీలో ఒక శిక్షణ సంస్థ పెట్టింది. ఇప్పుడది నోయిడాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ కెరీర్ సర్వీస్ పేరుతో నడుస్తోంది. అంటే శిక్షణ మాకెవరో దయతలచి ఇచ్చేది కాదు, దేశం ఒప్పుకుని సంతకం పెట్టిన బాధ్యత.

పైగా పని స్వభావమే మారిపోయింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు అంటే ఇంట్లో బీరువాలో దాచుకునే వస్తువు. రెన్యువల్ తేదీ మరిచిపోయి సీనియారిటీ పోతే ఏడ్చినవాళ్లను చూశాను. 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల కేసులో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజి పంపిన పేర్లతోనే సరిపెట్టకూడదని, పత్రికల్లో కూడా ప్రకటన ఇచ్చి అందరి దరఖాస్తులూ చూడాలని చెప్పింది. తీర్పు న్యాయమైందే. అప్పటి నుంచీ మా పని సీనియారిటీ జాబితా పంపడం నుంచి మెల్లగా సలహా చెప్పడానికి, కంపెనీలతో మాట్లాడడానికి మారింది. 2015లో ఉద్యోగాలు వెతుక్కోవడానికి కేంద్రం వెబ్‌సైట్, నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ వచ్చింది. ఖాళీల సమాచారం ఎక్స్ఛేంజికి ఇవ్వాలన్న 1959 చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది, 2025 నవంబర్ 21 నుంచి ఆ కోడ్ అమల్లో ఉంది. అందులో మా ఆఫీసుల పేరు కెరీర్ సెంటర్. రిజిస్టరు రాయడానికి చేరిన మనిషిని కౌన్సెలర్ కుర్చీలో కూర్చోబెట్టాం. ఈత నేర్పకుండా నాగావళిలో దింపినట్టుంది ఇది.

కౌన్సెలింగ్ అంటే చాలామంది తీయగా మాట్లాడడం అనుకుంటారు. కౌంటర్ దగ్గరకు వచ్చేవాళ్లలో కోపంతో వచ్చేవాళ్లుంటారు. బీటెక్ చేసి, గ్రూప్స్ కోచింగ్‌లో నాలుగేళ్లు గడిపి, వయసు దాటిపోతోందన్న టెన్షన్‌తో వచ్చినవాడు మనల్ని తిడతాడు. వాడు తిట్టేది మనల్ని కాదని తెలుసు, అయినా రోజూ వింటే ఇంటికి పట్టుకెళ్తాం. చచ్చిపోవాలనిపిస్తోందని కౌంటర్ దగ్గరే అన్నవాళ్లు ఉన్నారు. అప్పుడు ఏం చెయ్యాలో మాకెవరూ చెప్పలేదు. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాం, అంతే తెలుసు. మానసిక సాయం కోసం కేంద్రం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి కౌంటర్ మీదా అంటించి ఉండాలి. ఆ మాట విన్నప్పుడు ఏం అడగాలో, ఏం అనకూడదో, ఎవరికి అప్పగించాలో జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యులు ఒక పూట వచ్చి చెప్పాలి. ఈ ఒక్కటీ వాయిదా వేయొద్దు.

శిక్షణకు ఎవర్ని పిలుస్తారన్నది ఇంకో సంగతి. ఎప్పుడూ అధికారులే వెళ్తారు. వచ్చినవాడికి మొదట కనిపించేది అటెండరు. నాతో పనిచేసిన ఒక అటెండరు ఉండేవాడు. రైల్వే ఉద్యోగాలంటూ నకిలీ నోటిఫికేషన్ జిరాక్సు పట్టుకుని ఎవరైనా వస్తే, లోపలికి పంపకముందే "డబ్బులేమైనా కట్టినావా నాయనా?" అని అడిగేవాడు. కట్టలేదంటే ఊపిరి పీల్చుకునేవాడు, కట్టానంటే స్టూలు వేసి కూర్చోబెట్టి, నన్ను పిలిచేవాడు. మా ఆఫీసులో అందరికన్నా మంచి కౌన్సెలర్ ఆయనే. ఆయన పేరు ఏ శిక్షణ జాబితాలోనూ చూడలేదు. డేటా ఎంట్రీ ఆపరేటర్లు, కాంట్రాక్టు మొబిలైజర్లది కూడా అదే పరిస్థితి. పిలిచినా టీఏ ఉండదు, ఆ రోజు జీతం కోత పడుతుందేమోనన్న భయం ఉంటుంది. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళానికి సొంత డబ్బుతో రమ్మంటే ఎవరొస్తారు? హాలు అద్దె, బిర్యానీ మానేస్తే వీళ్ల బస్సు చార్జీలకు సరిపోతుంది.

లెక్క మార్చకపోతే మాత్రం పైన రాసినవన్నీ వృథా. మేళా రోజు ఎంతమంది ఎంపికయ్యారన్నది ఒక్కటే అడిగినంతకాలం సిబ్బంది ఆ అంకె కోసమే పనిచేస్తారు. మూడు నెలల తర్వాత ఎంతమంది పనిలో ఉన్నారని అడగండి. మొదటి ఏడాది ఆ అంకె చూస్తే మీకే బాధ కలుగుతుంది. దయచేసి దాన్ని పట్టుకుని ఎవరికీ మెమోలు ఇవ్వకండి. ఇస్తే రెండో ఏడాది అంకె అద్భుతంగా ఉంటుంది, కాగితం మీద. ఎవరు ఎందుకు మానేశారన్నది మాత్రం పైన చెప్పిన నెలవారీ సమావేశంలో మాట్లాడించండి.

సరదాలు అసలొద్దని కాదు. కార్తీకంలో అందర్నీ తాటిపూడికో కళింగపట్నానికో వనభోజనాలకు తీసుకెళ్లండి. కులానికో చెట్టు చూసుకునే వనభోజనాలు ఎలాగూ పెరిగాయి, ఆఫీసు పేరుతో అటెండరూ అధికారీ ఒకే బంతిలో కూర్చునేది ఒక్కటైనా ఉండనివ్వండి. బెలూన్లు కూడా తెచ్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఒక్కటే, పైడితల్లి అమ్మవారి సిరిమాను వారంలో మాత్రం విజయనగరంలో శిక్షణ పెట్టకండి. ఒక్కరూ రారు. వచ్చినవాళ్ల మనసు ఇక్కడుండదు.

మొదటి సమావేశానికి కొత్తగా ఉత్తర్వులు, బడ్జెట్ ఏమీ అక్కర్లేదని నా అంచనా. రెండు జిల్లాల ఐటీఐల్లోనూ గదులున్నాయి, బోర్డులున్నాయి. వచ్చే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం తేదీ వేసి, వచ్చేటప్పుడు ఒక ఆఫర్ లెటరు, మానేసి వచ్చిన ఒక పిల్లాడి కేసు పట్టుకురమ్మని చెప్పండి. పీఎఫ్ లెక్క బోర్డు మీద వేసి చూపించడానికి ఎవరూ దొరక్కపోతే నేను వస్తాను. చార్జీలు ఇవ్వక్కర్లేదు.

ఇట్లు,
ఉపాధి శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగి,
విజయనగరం